మందు రంగు మారలేదు కదా, వాడొచ్చా?

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్ నుంచి ఒక తల్లి ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ప్రైవేటు స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నారు. 11 నెలల బాబుకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉంది. కాస్త బరువు పెరిగాక ఆపరేషన్ చేద్దామని, అప్పటిదాకా మందులు వాడమని విశాఖపట్నంలో డాక్టర్లు చెప్పారు. ఆ మందుల్లో, రక్తపోటు దించి గుండె మీద భారం తగ్గించే ఎనాలాప్రిల్ ఒకటి. పసిపిల్లలకు పోసే రూపంలో అది బజారులో దొరకదు. అందుకని ఆసుపత్రి ఫార్మసీ వాళ్లే మాత్రలు నూరి, ద్రవంలో కలిపి, మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము లెక్కన సీసాలో పోసి ఇస్తున్నారు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, 30 రోజుల్లో వాడేయాలి, వాడే ముందు బాగా కుదపాలి అని సీసా మీద ఇంగ్లిషులో లేబుల్ ఉంటుంది.

ఈమెకు పొద్దున్నే స్కూలు, సాయంత్రం ఇంటి ముందు గదిలో ట్యూషన్లు. రెండు పూటలా బాబుకు మందు వేసేది అత్తగారే. ఒకరోజు స్కూలు తొందరగా వదిలేస్తే ఇంటికి వచ్చి చూశారు. మందు సీసా వంటగది కిటికీ గట్టు మీద ఉంది. ఎండ నేరుగా దాని మీదే పడుతోంది. పట్టుకుంటే వెచ్చగా తగిలింది. అడిగితే అత్తగారు ఏమీ దాచలేదు. "సల్లటి మందు పోస్తే పిల్లడికి రొంప పట్టేస్తాది. అందుకే పొద్దున్న తీసి బయట పెడతాను, రాత్రి మందేశాక లోపల పెట్టేస్తాను" అన్నారు. దాదాపు నెల రోజులుగా ఇదే వరస.

అంతకు వారం ముందే బాబును విశాఖ తీసుకెళ్లి చూపించారు. పాలు తాగేటప్పుడు ఆయాసపడుతున్నాడని, బరువు అనుకున్నంత పెరగలేదని డాక్టరు ఎనాలాప్రిల్‌ను పూటకు 1 మిల్లీలీటరు నుంచి 1.5కు పెంచి కొత్త సీసా రాశారు. భర్త దాన్ని ఐస్ ముక్కల మధ్య పెట్టి రైల్లో తెచ్చారు. అది ఇంకా తెరవలేదు. ముందు పాతది అయిపోనివ్వమని ఆయన మాట. "రంగు మారలేదు, వాసన లేదు, ఏమీ కాదు. డాక్టరుకు చెబితే మనల్నే తిడతారు, అమ్మ బాధపడుతుంది" అంటున్నారు. మెడికల్ షాపు అతను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేస్తే సరిపోతుందన్నాడు. ఆ రోజు నుంచి అత్తగారు సీసా ముట్టుకోవడం లేదు, సరిగ్గా మాట్లాడటం లేదు. "పాత మందు పారబోయనా? వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లో ఈ సీసాను ఎలా కాపాడుకోను? ఉద్యోగం మానేసి నేనే చూసుకోవాలా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే విడిగా ఒక మాట పంపాను. తర్వాతి పూట మందు వేసేలోగా డాక్టరుకు ఫోన్ చేసి, జరిగింది చెప్పి, ఏ సీసాలోంచి ఎంత వేయాలో అడగమని. ఈపాటికి అడిగే ఉంటారు. మిగతా సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు మీలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. డాక్టరు విశాఖలో, మందు చేసే చోటు విశాఖలో, ఆ మందును నెలంతా కాపాడాల్సిన ఫ్రిజ్ మాత్రం కరెంటు నిలకడగా ఉండని ఊళ్లో. తప్పు ఎవరిదని వెతికే ముందు ఈ దూరాన్ని గుర్తుపెట్టుకోండి.

ముందు మీ ఆయన మాట. రంగు, వాసన మారకపోతే మందు బాగున్నట్టేనా? కొన్ని మందులు పాడైతే కంటికి కనిపిస్తాయి. కడుపులో మంటకు వాడే ఒమెప్రజోల్ ద్రవం చెడిపోతే ముదురు రంగుకు తిరుగుతుంది. ఎనాలాప్రిల్ అలా కాదు. నీళ్లలో ఉన్న ఎనాలాప్రిల్ ముఖ్యంగా రెండు రకాలుగా విరుగుతుంది. ఒక దారిలో ఎనాలాప్రిలాట్ అవుతుంది. నిజానికి ఒంట్లోకి వెళ్లాక పనిచేసేది అదే. కానీ సీసాలోనే అలా మారిపోయి నోట్లోంచి వెళ్తే పేగుల నుంచి సరిగా ఒంటికి పట్టదు. రెండో దారిలో డైకీటోపైపెరజీన్ అనే పదార్థం అవుతుంది, దాని వల్ల బాబుకు ఉపయోగం లేదు. ఈ రెండింటికీ రంగు లేదు. సీసా మొదటి రోజు ఎలా ఉందో ముప్పయ్యో రోజూ అలాగే కనిపిస్తుంది. లోపల బలం ఎంత మిగిలిందో ల్యాబులో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

వేడి ఈ విరగడాన్ని తొందరపెడుతుంది. రసాయన చర్యల వేగానికి, వేడికి ఉన్న సంబంధాన్ని స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ 1889లోనే సూత్రంగా చెప్పాడు. ఫార్మసీలో దాన్నుంచి వచ్చిన మోటు లెక్క ఒకటి వాడతాం. ప్రతి 10 డిగ్రీలకూ వేగం సుమారు రెట్టింపు అవుతుందని. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు, బయట 35 డిగ్రీలు అనుకోండి. మధ్యలో మూడు పదులు. రెండు, నాలుగు, ఎనిమిది. అంటే ఫ్రిజ్‌లో ఎనిమిది రోజుల్లో జరిగే నష్టం బయట ఒక్క రోజులో జరగొచ్చు. మీ కిటికీ గట్టు మీద ఎండలో 35 డిగ్రీల దగ్గర ఆగి ఉండదు కూడా. ఇది ఖచ్చితమైన లెక్క కాదు, ఒక్కో మందుకు ఒక్కోలా ఉంటుంది. కానీ 30 రోజుల గడువు ఎక్కడిదో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ గడువు చల్లగా ఉంచిన సీసాకే. చల్లదనం పోతే గడువూ పోయినట్టే.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మీరు అనవసరంగా హడలిపోతారు. ఎనాలాప్రిల్ మరీ సున్నితమైన మందు కాదు. తగిన ద్రవంలో కలిపితే 25 డిగ్రీల దగ్గర కూడా వారాల తరబడి 90 శాతానికి పైగా నిలిచిందని పరీక్షల్లో తేలింది. మందు నిలకడగా ఉందనడానికి మేం సాధారణంగా పెట్టుకునే గీత ఆ 90 శాతమే. ఏ ద్రవంలో కలిపారు, అందులో పులుపు ఎంత అన్నదాన్ని బట్టి ఒకే మందు ఆయుష్షు మారిపోతుంది. కాబట్టి ఒక సాయంత్రం సీసా బయట మరిచిపోతే కొంప మునగదు. బాబు తాగినది విషం కాదు. ఈ ఒక్క భయం మీ మనసులోంచి తీసేయండి. కానీ 25 డిగ్రీలంటే ఏసీ గది వేడి, అదీ నీడలో. రోజూ పన్నెండేసి గంటలు, నెల పాటు, ఎండ తగిలే గట్టు మీద ఉన్న సీసాకు ఆ పరీక్షల ధైర్యం వర్తించదు.

మెడికల్ షాపు అతని సలహా నేను ఒప్పుకోను. మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే ఇక ముందు జరిగే నష్టం నెమ్మదిస్తుంది, అంతే. విరిగిన పాలు ఫ్రిజ్‌లో పెడితే తిరిగి పాలవుతాయా? పైగా నీళ్లతో చేసిన మందు రోజూ వెచ్చబడి చల్లబడుతుంటే క్రిములకు అనుకూలం. చెడిపోకుండా ఆపే పదార్థం కలపని, నీళ్లతో చేసిన నోటి మందులను ఫ్రిజ్‌లో పెట్టినా 14 రోజులకు మించి వాడకూడదని అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) నియమం. కలిపిన వాటికి మామూలుగా 35 రోజుల దాకా ఇస్తారు. మీ సీసా ఏ రకమో తయారుచేసిన ఫార్మసిస్టుకు తెలుస్తుంది.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్నకు వస్తాను. మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టింది పాత సీసా కాదు, డోసు పెంచడం. తేదీలు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. బాబుకు ఆయాసం తగ్గలేదని డాక్టరు మందు పెంచిన సమయానికి సీసా రోజూ కిటికీ మీదే ఉంటోంది. అంటే 1 మిల్లీలీటరు వేస్తున్నామని మీరూ డాక్టరూ అనుకుంటున్నప్పుడు బాబు ఒంట్లోకి అంతకంటే తక్కువ మందు వెళ్లి ఉండొచ్చు. ఆ సంగతి డాక్టరుకు తెలియదు. డోసు చాలడం లేదనుకుని పెంచారు. ఇప్పుడు నిండు బలం ఉన్న కొత్త సీసాలోంచి 1.5 మిల్లీలీటర్లు వేస్తే, కాగితం మీద ఒకటిన్నర రెట్లే పెరిగినట్టు కనిపించినా బాబు ఒంటికి అంతకంటే పెద్ద పెరుగుదల కావచ్చు. ఈ మందు రక్తపోటును దించుతుంది. ఒక్కసారిగా ఎక్కువైతే పసిబిడ్డ మత్తుగా పడి ఉండటం, ఒళ్లు తేలిపోయినట్టు మెత్తబడటం, ముఖం పాలిపోవడం, పాలు తాగకపోవడం, ఒంటేలు తగ్గడం లాంటివి కనిపించొచ్చు. అవి కనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి, విశాఖ బయల్దేరడం తర్వాతి మాట.

డాక్టరుకు చెప్పి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అలాగని అత్తగారి వల్లే బాబుకు తగ్గలేదని తీర్మానించేయకండి. నాకు కనీసం మూడు కారణాలు కనిపిస్తున్నాయి. వేడికి మందు బలం తగ్గి ఉండొచ్చు. లేదా సీసా సరిగా కుదపక మందు సమంగా అంది ఉండకపోవచ్చు. నూరిన మాత్రల పొడి అడుగుకు దిగుతుంది. సీసాను కదపకుండా వెలుతురులో పట్టుకుని కింది నుంచి చూడండి, అడుగున తెల్లటి పొర కనిపిస్తుంది. రెండుసార్లు అటూ ఇటూ ఊపితే అది పూర్తిగా లేవదు. తలకిందులు చేసి, ఆ పొర పూర్తిగా కలిసేదాకా కుదపాలి. లేకపోతే మొదటి రోజుల్లో పలచగా, చివరి రోజుల్లో చిక్కగా వెళ్తుంది. మీ పాత సీసా చివరికి వచ్చింది కాబట్టి అడుగున మిగిలింది చిక్కగా ఉండే అవకాశమూ ఉంది. దాన్ని ఇంకా వాడొద్దనడానికి అదీ ఒక కారణం. ఇక మూడోది, అసలు జబ్బే కాస్త ముదిరి ఉండొచ్చు. పెద్ద రంధ్రం ఉన్న పిల్లల్లో మందులు సరిగ్గా పడినా ఆయాసం పెరుగుతుంది, అందుకే ఆపరేషన్ దాకా వెళ్తారు. ఈ మూడింటిలో ఏది ఎంత అన్నది డాక్టరు బాబును చూసి, రక్తపోటు కొలిచి, అవసరమైతే రక్తపరీక్ష చేయించి తేలుస్తారు. మీరూ నేనూ తేల్చగలిగేది కాదు.

చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాకపోవచ్చు. లేదా డోసు ఎక్కువై బాబు మెత్తబడొచ్చు, అప్పుడు అక్కడి డాక్టరుకు కారణం అర్థం కాదు. లేదా వచ్చే రివ్యూలో, మందు పనిచేయడం లేదు, ఇంకోటి కలుపుదాం అంటారు. తప్పుడు సమాచారం మీద ఒక్కో మెట్టూ కట్టుకుంటూ పోవడమే. చెబితే ఏమవుతుంది? ఒక్కోసారి ఒక మాట అంటారు, నిజమే. కానీ పిల్లల గుండె డాక్టర్లకు ఇలాంటివి కొత్త కాదు. ఎవరు బయట పెట్టారన్నది వాళ్లకు అక్కర్లేదు. ఎంతసేపు, ఎన్ని రోజులు, ఎంత వేడి అన్నదే కావాలి. ఫోనులో ఇలా చెప్పొచ్చు: "సార్, ఎనాలాప్రిల్ సీసా దాదాపు నెల రోజులు పగలంతా బయటే ఉంది, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాం. డోసు పెంచింది ఆ రోజుల్లోనే. కొత్త సీసా ఇంకా తెరవలేదు. ఎంత నుంచి మొదలుపెట్టమంటారు?" ఇందులో అత్తగారి ప్రస్తావనే లేదు, అబద్ధమూ లేదు. మీ ఆయన భయం కూడా దీంతో తీరుతుంది.

ఫార్మసీకి కూడా ఫోన్ చేయండి. డాక్టరు డోసు గురించి చెబుతారు, సీసా గురించి తెలిసింది ఫార్మసిస్టుకు. కొత్త సీసాను ఐస్ ముక్కల మధ్య తెచ్చారు కదా, అది గడ్డకట్టిందేమో చూశారా? ఇంటికి వచ్చేసరికి లోపల ఐస్ పలుకులు కనిపించినా, కుదిపినప్పుడు చప్పుడు రాకపోయినా ఆ మాట తప్పకుండా చెప్పండి. గడ్డకట్టి కరిగిన ద్రవంలో పొడి ఉండలు కట్టొచ్చు. అప్పుడు ఎంత కుదిపినా సమంగా కలవదు, ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ పడుతుంది. వేడి ఎంత చెడ్డదో గడ్డకట్టడమూ అంత చెడ్డదే. అనుమానం ఉంటే వాళ్లే ఇంకో సీసా చేసిస్తారు.

ఇక ముందు ఎలా అన్నదానికి మీ ముందు రెండు మూడు దారులున్నాయి. ఇప్పటిలాగే సీసా తెచ్చుకుని ఫ్రిజ్‌ను గట్టిగా చూసుకోవడం ఒకటి. డోసు కొలవడం సులువు, అత్తగారు కూడా వేయగలరు. కరెంటే బెంగ. నెలకు సరిపడా మందును ఒకే పెద్ద సీసాలో కాకుండా రెండు చిన్న సీసాల్లో పోసి ఇమ్మని అడగండి. ఒకటి పాడైనా రెండోది చేతిలో ఉంటుంది, ఊరికే తెరిచి మూసే పనీ తగ్గుతుంది. అలాగే మామూలు గది వేడికి తట్టుకునే ద్రవంలో చేయగలరా అని కూడా అడగండి. కొన్ని ఫార్మసీల్లో వీలవుతుంది, కొన్నిచోట్ల ఆ ద్రవం దొరకదు. వీలైనా "మామూలు గది వేడి" అంటే ఎన్ని డిగ్రీలని వాళ్లు అనుకుంటున్నారో అడిగి తెలుసుకోండి. మన ఇళ్లల్లో మే నెల గది వేడి వేరు.

ఇంకో దారి, ఇంట్లోనే ప్రతి పూటా మాత్రను కొలిచిన నీళ్లలో కలిపి, కావలసినంత సిరంజితో తీసి వేసి మిగిలింది పారేయడం. 2.5 మిల్లీగ్రాముల ఎనాలాప్రిల్ మాత్రలు దొరుకుతాయి. మాత్రకు ఫ్రిజ్ అక్కర్లేదు, తడి తగలకుండా, ఎండ పడకుండా ఉంచితే చాలు. కానీ రోజుకు రెండుసార్లు నీళ్లు సరిగ్గా కొలవాలి, మాత్ర పూర్తిగా కలవాలి, లెక్క తప్పకూడదు. నిద్రలేని రాత్రి, ఏడ్చే బిడ్డను ఒళ్లో పెట్టుకుని చేసే కొలతలో పొరపాటు జరగడం చాలా సులువు. రోజూ చేసే పద్ధతిగా దీన్ని నేను సిఫారసు చేయను. అయితే అవసరానికి చేతిలో ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి, శ్రీకాకుళం జిల్లాల్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఏ ఫ్రిజ్ కాపాడుతుంది? ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు, ఎంత తీయాలి అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని, పది మాత్రలతో కలిపి బీరువాలో పెట్టుకోండి. వాళ్లు రాసివ్వకుండా మాత్రం మీ అంతట మీరు మొదలుపెట్టకండి.

ఫ్రిజ్ సంగతి. సింగిల్ డోర్ ఫ్రిజ్ అయితే ఫ్రీజర్ కిందుండే ట్రేలో సీసా పెట్టొద్దు, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. తలుపు అరలోనూ వద్దు, తెరిచినప్పుడల్లా వేడి తగిలేది దానికే. మధ్య అరలో, వెనక గోడకు ఆనకుండా, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. చిన్న థర్మామీటరు కొని ఆ డబ్బాలోనే ఉంచండి. రెండు మూడు వందల రూపాయల్లో వస్తుంది, మీ ఇంట్లో ఉన్న టెన్షన్‌కు సగం మందు అదే. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసి 2కూ 8కీ మధ్య ఉంటే ఇక ఆలోచించక్కర్లేదు. కరెంటు పోతే తలుపు తెరవకండి. మూసి ఉన్న ఫ్రిజ్ నాలుగు గంటల దాకా చల్లదనం నిలుపుకుంటుంది. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పేర్చి ఉంచితే ఇంకాస్త ఓపిక పడుతుంది. అంతకు మించి పోయిందంటే ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, థర్మామీటరు ఎంత చూపించింది అని రాసిపెట్టి ఫార్మసిస్టును అడగండి. మట్టికుండ, తడిగుడ్డ పద్ధతి అడిగేవాళ్లు ఉంటారు. ఎండలోంచి కాపాడటానికి పనికొస్తుంది కానీ 8 డిగ్రీలకు దించలేదు. గాలిలో తేమ ఉన్న రోజుల్లో అసలే దించదు.

ప్రయాణంలో సీసాకు ఐస్ నేరుగా తగలకూడదు. టీకాలు మోసే ఏఎన్ఎమ్‌లు చేసే పద్ధతే మీరూ చేయండి. ఫ్రీజర్లోంచి తీసిన ఐస్ ప్యాక్‌ను వెంటనే డబ్బాలో పెట్టరు. కాసేపు బయట ఉంచుతారు. పైన చెమట పట్టి, చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి. అప్పుడే అది పెట్టదగ్గ చల్లదనానికి వచ్చినట్టు. ఆ ప్యాక్‌లు వేసిన చిన్న ఐస్ బాక్సులో, సీసాను పొడి తువ్వాలులో చుట్టి పెట్టండి. విశాఖ నుంచి నౌపడా మీదుగా రైల్లో వచ్చేసరికి సగం రోజు పోతుంది. ఆ ప్రయాణానికి అది చాలు.

ఈ టీకా డబ్బా మాటే మీ అత్తగారి దగ్గర ఎత్తండి. నలుగురు పిల్లలను పెంచిన మనిషికి మీరు ఇంగ్లిషు లేబుల్ చదివి వినిపిస్తే అది తనను తప్పుపట్టినట్టే ఉంటుంది. ఆవిడ పోలియో చుక్కలు చూసి ఉంటారు. చల్లటి డబ్బాలోంచి తీసి నేరుగా పిల్లల నోట్లో వేస్తారు, ఎవరికీ రొంప పట్టదు. ఆ చుక్కల సీసా మీద చిన్న గుర్తు ఉంటుంది. వేడి తగిలే కొద్దీ గుండ్రం లోపలి చతురస్రం ముదురుతుంది, అది చుట్టూ ఉన్న గుండ్రంతో సమానమైతే ఆ సీసా వాడరు. మన బాబు మందు సీసాకు ఆ గుర్తు లేదు, అందుకే మనమే కాపలా కాయాలి అని చెప్పండి. ఆవిడ చేసిన పని వెనక ఉన్నది బాబు మీద ప్రేమే, ఆ మాట ముందు మీ నోటితో మీరే అనండి. ఆవిడ భయానికి దారి కూడా చూపించండి. సీసా కుదిపి, ఒక పూట మందును సిరంజిలోకి తీసి, సీసా వెంటనే లోపల పెట్టేసి, ఆ సిరంజిని రెండు మూడు నిమిషాలు అరచేతిలో పట్టుకుంటే చలి విరిగిపోతుంది. వేడినీళ్లలో మాత్రం ముంచొద్దు. ఫ్రిజ్ తలుపు మీద అతికించే కాగితం ఆవిడ చదవగలిగే భాషలో ఉండాలి. తెలుగు కంటే ఒడియా సులువైతే ఒడియాలోనే రాయండి. థర్మామీటరు అంకె చూసి రాసే పని ఆవిడకే అప్పగించమని నా మాట. మళ్లీ సీసా చేతిలోకి తీసుకోవడానికి అది ఆవిడకు ఒక దారి.

ఉద్యోగం మానేయాలా అన్నారు. ఈ ఒక్క కారణానికైతే వద్దు. ఆపరేషన్ దగ్గర పడుతోంది, ఖర్చులుంటాయి, బాబును రోజంతా కళ్లలో పెట్టుకుని చూసే మనిషి ఇంట్లోనే ఉన్నారు. మీరు ఇంట్లో కూర్చున్నా కరెంటు పోకుండా ఆపలేరు. ఆయాసం ఎక్కువై బాబుకు ఎప్పుడూ తల్లి దగ్గరుండాలని డాక్టరు చెబితే అది వేరే సంగతి, అప్పుడు సెలవు గురించి ఆలోచించండి.

ఇంకొకటి, ఇదంతా చదివి ఇంట్లో ఉన్న మందులన్నీ ఫ్రిజ్‌లోకి ఎక్కించేయకండి. నీళ్లు కలిపిన అమాక్సిసిలిన్-క్లావులనేట్ డ్రై సిరప్‌ను ఫ్రిజ్‌లో పెట్టి వారంలో వాడేయాలి. క్లారిత్రోమైసిన్ సిరప్‌ను అలా పెడితే చిక్కబడి పాడవుతుంది. ప్రతి సీసాకూ దాని లేబులే చట్టం. బాబు వాడే మిగతా మందులకు కూడా ఎక్కడ పెట్టాలో ఫార్మసిస్టు చేత సీసా మీదే రాయించుకోండి. పాత ఎనాలాప్రిల్ సీసాను కాలవలో పోయకుండా, పిల్లలకు అందని చోట విడిగా పెట్టి, ఈసారి విశాఖ వెళ్లినప్పుడు ఫార్మసీలో ఇచ్చేయండి. చూసి, ఎంత మిగిలిందో వాళ్లూ లెక్క వేసుకుంటారు.

ఈ వేసవిలో బాబుకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం సీసా జోలికి వెళ్లకముందే డాక్టరుకు ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఎనాలాప్రిల్ మూత్రపిండాల మీద భారం వేస్తుంది, రక్తపోటు మరీ పడిపోవచ్చు. ఆ రోజు వేయాలా, ఆపాలా అన్నది వాళ్లే చెప్పాలి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండింతలు వేయకండి. మందు వేసిన వెంటనే కక్కేసినా అడగకుండా మళ్లీ పోయకండి. డాక్టరు నంబరు, ఫార్మసీ నంబరు, 108 మూడూ ఆ ఫ్రిజ్ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాసి, అత్తగారి ఫోనులో కూడా సేవ్ చేసి ఇవ్వండి.